మైకము విడిచిన మఱునాడు



పంటలను, ఎరువులను, అప్పులను గూర్చి చదువుకొను ఈ పుటలలో త్రాగుడు మఱునాటి తలనొప్పిని గూర్చి వ్రాయుట కొందఱికి వింతగా తోచవచ్చును. కాని ఒకమాఱు యోచింపుడు. పెండ్లి జరిగిన మఱునాడు, తిరునాళ్ల మఱునాడు, శనగలు అమ్మి రొక్కము చేతికి వచ్చిన మఱునాడు మన పల్లెలలో ఎన్ని అరకలు, ఎన్ని ట్రాక్టర్లు కదలక నిలిచిపోవుచున్నవో, ఎన్ని యిండ్లలో ఇల్లాలొక్కతెయే పాలు పిదికి, పశువులకు నీళ్లు పెట్టి, పొలమునకును పోవుచున్నదో మన మెఱుగనిది కాదు. వీరపునాయునిపల్లె మొదలు పులివెందుల వఱకు, జమ్మలమడుగు మొదలు ప్రొద్దుటూరు వఱకు ఈ దృశ్య మొక్కటియే.

త్రాగుమని చెప్పుటకు గాని, త్రాగినవానిని నిందించుటకు గాని ఈ వ్యాసము వ్రాయబడలేదు. త్రాగి లేచినవాడు ఆ దినమున ఏమి చేయవలయును? ఏమి చేయరాదు? ఏ గుఱుతు కనబడినయెడల ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలయును? ఈ మూడే ఇందలి విషయములు. మూడవది ప్రాణమునకు సంబంధించినది గనుక దానిని ఇంటిల్లిపాదియు తెలిసికొనవలయును.

మన జిల్లా చూచిన మార్గములు

మద్యపు ప్రశ్న మన జిల్లాకు క్రొత్తది కాదు. మద్రాసు రాజధానిలో 1937 అక్టోబరు 1వ తేదీన సేలము జిల్లాలో మద్యనిషేధము మొదలయ్యెను. మఱుసటి సంవత్సరము, 1938 అక్టోబరు 1వ తేదీన, అది చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపబడెను. అనగా ఆ చట్టమును తెలుగు జిల్లాలలో మొట్టమొదట చూచినవి ఈ రెండే. తగ్గిన ఆదాయమును పూడ్చుకొనుటకై ప్రభుత్వము 1939లో అమ్మకపు పన్నును ప్రవేశపెట్టెను. 1948 అక్టోబరు 2వ తేదీ నాటికి నిషేధము రాజధాని యంతట వ్యాపించెను. కల్లుగీత మానినవారి జీవనమునకై తాటిబెల్లపు సహకార సంఘములును వెలసెను. కాలక్రమమున ఆ నిషేధము సడలెను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు లేవదీసిన ఉద్యమ ఫలితముగా 1993 అక్టోబరు 1వ తేదీ నుండి రాష్ట్రమున సారాయి నిషేధింపబడెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అదియు సడలింపబడెను.

ఇట్లు చట్టములు వచ్చినవి, పోయినవి. అంగడి మూసినను, తెఱచినను ఒక్క సంగతి మాత్రము మాఱలేదు. త్రాగినవానికి మఱునాడు తెల్లవాఱునది అంగడిలో కాదు, తన యింటిలోనే. ఆ వేళ ఏమి చేయవలయునో తెలిసినవారు ఇంటిలో ఒక్కరైనను ఉండుట అవసరము.

ఈ బాధ ఎట్లు కలుగును?

తల బ్రద్దలగుచున్నట్లు నొప్పి, నోరెండిపోవుట, తీరని దాహము, కడుపులో త్రిప్పుట, వాంతి, ఒడలు నొప్పులు, వెలుతురును చప్పుడును సహింపలేకుండుట, గుండె దడ, మనసునకు దిగులు — ఇవి సామాన్య లక్షణములు. నేడు దీనిని హ్యాంగోవర్ అనుచున్నారు. రక్తములోని మద్యము దాదాపుగా తఱిగిపోవు వేళకు ఈ బాధ ముదురును. ఒక దినము వఱకు నిలువవచ్చును.

ప్రాచీన వైద్యులు దీనిని ఎఱుగనివారు కారు. చరకసంహిత చికిత్సాస్థానమున మదాత్యయమునకు ప్రత్యేకముగా ఒక అధ్యాయము గలదు. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమున పానాత్యయము, పరమదము, పానాజీర్ణము, పానవిభ్రమము అని విభజించి చెప్పబడినది. త్రాగుడువలని రోగము ఒక్కటి కాదు, పలు రకములు, వానిని విడదీసి చూడవలయును అను వివేకము నాడే యుండెను. ఆ వివేకమే నేడు మనకు ముఖ్యముగా కావలసినది.

కారణములు పెక్కు. మద్యము మూత్రమును అధికము చేసి ఒంటిలోని నీటిని వెడలించును. కడుపు లోపలి పొరను రేపి మంటపుట్టించును. నిద్ర పట్టించినట్లే కనబడి, తెల్లవారుజామున దానిని చెఱచును. రక్తములోని చక్కెరను తగ్గింపవచ్చును. కాలేయము మద్యమును విఱుచునపుడు ఎసిటాల్డిహైడ్ అను విషపదార్థము పుట్టును. బ్రాందీ, విస్కీ వంటి రంగు మద్యములలో గల ఇతర పదార్థములు బాధను మఱింత పెంచును. రంగులేనిదానిలో బాధ లేదని మాత్రము దీనికి అర్థము కాదు.

కాలేయము తొందరపెట్టిన తొందరపడదు. గంటకు సుమారు 7 మొదలు 10 గ్రాముల మద్యసారమును మాత్రమే అది విఱువగలదు. 180 మిల్లీలీటర్ల క్వార్టరు సీసాలో సుమారు 60 గ్రాముల మద్యసార ముండును. రాత్రి పది గంటలకు ఒక క్వార్టరు త్రాగి ముగించినవాని రక్తములో తెల్లవాఱి అయిదు గంటలకును మద్యము మిగిలియుండవచ్చును. వాడు లేచి మోటారు సైకిలెక్కిన, త్రాగి తోలినవాడే యగును. 100 మిల్లీలీటర్ల రక్తములో 30 మిల్లీగ్రాములకు మించిన మద్యముతో వాహనము నడుపుట చట్టరీత్యా నేరము.

బాధను తగ్గించు మార్గములు

దీనికి విఱుగుడు లేదు. కాలమొక్కటియే దీనిని నయము చేయును. కాలము గడచువఱకు ఒంటికి ఊతమిచ్చుటయే మనము చేయగలిగినది.

మొదటిది నీరు. ఒక్కమాఱుగా చెంబెడు త్రాగిన వాంతి కావచ్చును. కొంచెము కొంచెముగా, మాటిమాటికి త్రాగవలయును. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, కొబ్బరినీళ్లు, గంజి మంచివి. వాంతులు ఎక్కువగా నున్న ఆసుపత్రిలో ఇచ్చు ఓ.ఆర్.ఎస్. పొట్లమును దానిపై చెప్పిన కొలత నీటిలో కలిపి త్రాగవలయును. పొట్లము లేనిచో కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో చిన్న చెంచాతో సమముగా కొలిచిన ఆఱు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలుపవచ్చును. ఉప్పు కొలత మించరాదు.

రెండవది ఆహారము. కడుపు కుదుటపడిన పిమ్మట రాగిజావ, మజ్జిగ కలిపిన సంగటి, ఇడ్లీ, అరటిపండు వంటివి కొద్దిగా తినవలయును. కారము, నూనె వేపుళ్లు ఆ పూటకు వలదు.

మూడవది విశ్రాంతి. గాలి తగులు నీడలో, ప్రక్కకు తిరిగి పరుండవలయును.

నిమ్మకాయ నీళ్లు, చన్నీటి స్నానము, చిక్కని కాఫీ మైకమును దింపునని పలువురి నమ్మకము. నిమ్మనీళ్లు దాహము తీర్చును. కాఫీ నిద్రమబ్బును విదలించును. కాని ఇవేవియు రక్తములోని మద్యమును ఒక్క నిమిషమైనను ముందుగా తొలగింపవు.

చేయరానివి

ఒకటి: తలనొప్పి తగ్గుటకై ఉదయముననే మఱల ఒక గుటక వేయుట. దీనిని మందువలె సలహా చెప్పువారు ప్రతి యూరను గలరు. గుటక పడగానే బాధ తగ్గినట్లుండును. నిజమునకు అది సాయంకాలమునకు వాయిదా పడినదే గాని తీఱలేదు. వడ్డీ కట్టుటకై మఱల అప్పు చేసినవాని గతి యేమగునో సహకార సంఘ సభ్యులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. నిత్యపు త్రాగుడు పెక్కుమందికి ఈ ఉదయపు గుటకతోనే స్థిరపడును.

రెండు: తోచిన మాత్ర మ్రింగుట. పారాసిటమాల్ మద్యముతో అలసిన కాలేయమునకు, ముఖ్యముగా నిత్యము త్రాగువానికి, హాని చేయవచ్చును. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి రేగియున్న కడుపులో పుండు చేసి రక్తము కార్పింపవచ్చును. నిద్రమాత్రలు మద్యముతో కలిసిన ఊపిరినే అణచివేయును. వైద్యుని అడుగక ఏ మాత్రయు వలదు.

మూడు: ఆ పూట ట్రాక్టరు తోలుట, బావిలో దిగుట, మోటారు స్టార్టరు ముట్టుట, పురుగుమందు చల్లుట. చేయి వణకును, చూపు నిలువదు, బుద్ధి మందగించియుండును. అప్పటికే నీరు తఱిగిన ఒంటితో మన వేసవి యెండలో నిలిచిన వడదెబ్బ తగులుట సులభము. ఒక పూట పని పోయిన మఱునాడు చేసికొనవచ్చును.

నాలుగు: మధుమేహమునకు ఇన్సులిన్ గాని మాత్రలు గాని వాడువారు తినకుండ పరుండుట. వారికి చక్కెర పడిపోయినపుడు కలుగు చెమట, వణకు, తికమక మాటలు అచ్చముగా మైకము వలెనే కనబడును. తెలివి యున్నచో వెంటనే చక్కెర నీళ్లు ఇచ్చి, ఆసుపత్రికి తీసికొనిపోవలయును.

ఇది మఱునాటి బాధ కానప్పుడు

ఈ వ్యాసమునకు ప్రాణమైన భాగమిది. ఒక రైతు రాత్రి విందులో త్రాగెననుకొనుడు. తెల్లవాఱి శనగచేనికి పురుగుమందు చల్లుటకు పోయెను. మధ్యాహ్నమునకు వాంతులు, చెమటలు, తలత్రిప్పుట మొదలయ్యెను. ఇంటివారు “రాత్రి త్రాగినది ఇంకను దిగలేదు” అని నీడను పరుండబెట్టిరి. అది మద్యము కాదు, మందు. నోట చొంగ, కంట నీరు కారుట, కంటిపాప సూదిమొనవలె కుంచించుకొనిపోవుట, కండరములు అదరుట, ఊపిరి భారమగుట పురుగుమందు విషమునకు గుఱుతులు. వెంటనే బట్టలు విప్పించి, ఒంటిని సబ్బుతో కడిగి, మందుడబ్బాను కూడ వెంట తీసికొని ఆసుపత్రికి పోవలయును. కడుగువారు తమ చేతులకు మందు అంటకుండ చూచుకొనవలయును.

కల్తీ మద్యములోని మిథనాలు మఱొక మోసగాడు. త్రాగిన 12 మొదలు 24 గంటల పిమ్మట తలనొప్పి, కడుపునొప్పి, వాంతులతో అది సామాన్యపు మఱునాటి బాధవలెనే మొదలగును. కన్నులకు మంచు క్రమ్మినట్లున్నను, చూపు మసకబారినను, ఊపిరి వేగమైనను ఒక్క గడియ యాగరాదు. చూపు పోవును, ప్రాణమును పోవును. 2020 జూలై నెలాఖరున ప్రకాశము జిల్లా కురిచేడులో మద్యము దొరకక చేతులు శుభ్రపఱచుకొను శానిటైజరు త్రాగి పదిమందికి పైగా మరణించిరి. మద్యము వాసన వచ్చునదెల్ల త్రాగదగినది కాదు.

నిత్యము త్రాగువాడు ఒక్కమాఱుగా మానినపుడు కలుగునది వేఱొక రోగము. చివరి గుటక పడిన 6 గంటలు మొదలుకొని వణకు, చెమట, నిద్రలేమి, భయము కలుగును. రెండు దినములలోపల మూర్ఛలు రావచ్చును. రెండు మూడు దినములకు లేనివి కనబడుట, వినబడుట, తెలివి తప్పి మాటలాడుట కలుగవచ్చును. దీనిని గాలి సోకినదనియు, దయ్యము పట్టినదనియు భ్రమపడి ఆలస్యము చేసిన ప్రాణాపాయము. ఇట్టివారు మానదలచినపుడు వైద్యుని పర్యవేక్షణలోనే మానవలయును. వారు మానగలరు, ఒంటరిగా, ఒక్కనాటితో మాత్రము కాదు.

రక్తము కక్కినను, మలము తారువలె నల్లగా పోయినను, మూర్ఛ వచ్చినను, రాత్రి పడినపుడు తలకు దెబ్బ తగిలి నిద్రమత్తు పెరుగుచున్నను, పిలిచిన పలుకకున్నను, ఊపిరి మెల్లగా ఆగి ఆగి వచ్చుచున్నను, పెదవులు నీలివర్ణమైనను వెంటనే 108కి ఫోను చేయవలయును. బండి వచ్చులోపల ఆతనిని ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టవలయును. వెల్లకిల పరుండిన వాంతి ఊపిరితిత్తులలోనికి పోవును. నోట నీరు గాని మజ్జిగ గాని పోయరాదు. ఒంటరిగా విడువరాదు. “నిద్రపోనిండు, ప్రొద్దుటికి లేచును” అను మాట ఎన్నో యిండ్ల దీపములను ఆర్పినది.

కడపటి మాట

ఈ బాధ రాకుండ చేసికొనుటకు త్రాగకుండుటయే నిశ్చయమైన ఉపాయము. మద్యమునకు ఇంతవఱకు హాని లేదని చెప్పదగిన మేర యేదియు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించినది. త్రాగక మానలేనివారు తిని త్రాగుట, కొలత తగ్గించుట, మధ్య మధ్య నీరు త్రాగుట, మఱునాడు సేద్యపు పని పెట్టుకొనకుండుట కొంత మేలు. మానదలచినవారికి 14446, మనోవ్యాధులకు 14416 అను ఉచిత ఫోను నంబర్లు గలవు. అడుగుటకు సిగ్గుపడనక్కఱలేదు. ఎద్దుకు జబ్బు చేసిన పశువైద్యుని వద్దకు పరుగిడు మనము మనిషి విషయమున మాత్రము దాచుకొననేల?

ఈ పుటను చదివి ప్రక్కన పెట్టక ఇంటిలోని స్త్రీలకును పిల్లలకును వినిపింపుడు. ఆపద వేళ మేలుకొనియుండువారు వారే. మత్తులో నున్నవాడు ఏ గుఱుతును చూచుకొనలేడు. వానికై మఱియొకరు చూడవలయును. ఒకరికొకరు తోడగుటయే గదా సహకారము!