ముక్క తీశారని భయం వద్దు - రిపోర్టు మరువవద్దు

సింగరాయకొండ: మిరప కోతల రోజుల్లో కూలికి పోయే మహిళకు రొమ్ములో గడ్డ కనిపించి, డాక్టరు బయాప్సీ చేయాలంటే రెండు బెంగలు. సూదితో ముక్క తీస్తే జబ్బు ఒళ్లంతా పాకుతుందేమోనన్నది ఒకటి. మరునాడు పనికి పోవచ్చా అన్నది రెండవది. మొదటిది వట్టి అపోహ. రెండవదానికి ఒకటి రెండు రోజులు ఓపిక పట్టవలసిందే.

సూది గాయం చిన్నదే. తొలిరోజు కట్టు తడవకూడదు. గుడ్డలో చుట్టిన ఐసు ముక్కలు పది నిమిషాల చొప్పున పెడితే వాపు తగ్గుతుంది. బిగువైన లోదుస్తు రాత్రిపూట కూడా ఉంచుకోవాలి. నీళ్ల బిందె, మిరప బస్తా ఎత్తరాదు. నొప్పికి పారాసిటమాల్ వాడవచ్చు; డాక్టరును అడగకుండా ఆస్పిరిన్ వేసుకోరాదు. గాయానికి పసుపు, ఆకు పసరు పూయరాదు. మిరపకాయలు ముట్టిన చేత్తో తాకరాదు. చర్మం కమిలి నల్లబడినా కొద్దిరోజుల్లో అదే పోతుంది. జ్వరం వచ్చినా, చీము పట్టినా, ఎరుపు పెరుగుతున్నా, అదిమి పట్టినా రక్తం ఆగకున్నా వెంటనే ఆసుపత్రికి పోవాలి.

గాయం మానింది కదా అని రిపోర్టు సంగతి వదిలేయరాదు. రొమ్ము గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సరు కావు. ఒకవేళ అయినా, తొలిదశలో తెలిస్తే నయమయ్యే అవకాశం ఎక్కువ. అందుకే ముక్క తీసిన రోజునే, రిపోర్టుకు ఎప్పుడు రావాలో చీటీపై రాయించుకుని ఇల్లు చేరాలి.