దమ్ము చక్రాలూ, మంచు బూట్లూ

మంచు అంటే ఫ్రిజ్‌లో తప్ప చూడని ఊళ్లో కూర్చుని మంచు బూట్ల మీద వ్యాసమా అని నవ్వకండి. మనలో చాలామంది ఎమ్మెస్ ప్లాన్‌లో ఉన్నాం. డిసెంబరు వస్తే చాలు, కేదార్‌కంఠ ట్రెక్ అంటూ కొత్త వాట్సాప్ గ్రూపు ఒకటి పుడుతుంది. సియాటిల్‌లో ఉన్న మా పెదనాన్నగారి అబ్బాయి ఈమధ్య స్నోబోర్డింగ్‌లో పడ్డాడు. మూడు లింకులు పంపి, "ఒరేయ్, 22, 25, 30 అంగుళాలు అని మూడు సైజులున్నాయి. నా బూటు సైజు తొమ్మిది. ఏది కొనాలిరా?" అని అడిగాడు. బూటు సైజుకీ దీనికీ అసలు సంబంధమే లేదని చదివాక తెలిసింది. అందులో మనకి పనికొచ్చేది ఇక్కడ రాస్తున్నాను.

ఇది మనకి తెలిసిన లెక్కే

నాట్లకి ముందు దమ్ము చేస్తున్న చేను గుర్తు తెచ్చుకోండి. మామూలు టైర్లతో ట్రాక్టరు దింపితే కూరుకుపోతుంది. అందుకే ఇనప దమ్ము చక్రాలు వేస్తారు. అవి రెండు పనులు చేస్తాయి. వెడల్పుగా ఉండి బరువుని ఎక్కువ చోట పరుస్తాయి. వాటి ఇనప పట్టీలు బురదని పట్టుకుని బండిని ముందుకి తోస్తాయి.

స్నోషూ చేసేది కూడా ఈ రెండు పనులే. బూటు కింద కట్టుకునే వెడల్పాటి పలక మునగకుండా ఆపుతుంది, దాని అడుగున ఉండే ఉక్కు పళ్లు జారకుండా పట్టుకుంటాయి. ఉత్తర అమెరికా ఆదివాసులు వీటిని పూర్వం కర్ర చట్రానికి పచ్చితోలు వారలు అల్లి చేసుకునేవారు. ఇప్పుడు అల్యూమినియం, ప్లాస్టిక్ వచ్చాయి. సూత్రం మాత్రం మారలేదు.

కొత్తగా పడిన పొడి మంచులో ఎక్కువ భాగం గాలే. ఒక ఘనపు మీటరు నీళ్లు 1000 కిలోలుంటే, అంతే మంచు 50 నుంచి 100 కిలోలు ఉంటుంది. అందులో మామూలు బూటుతో అడుగేస్తే మోకాలి దాకా, ఒక్కోసారి తొడ దాకా దిగిపోతారు. ప్రతి అడుగుకీ కాలు పైకి లాక్కోవాలి. కిలోమీటరు నడిచేసరికి ఓపిక అయిపోతుంది.

ఇప్పుడు చిన్న లెక్క. బూటు అడుగు వైశాల్యం సుమారు 270 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. 25 అంగుళాల స్నోషూ, అంచుల గుండ్రం తీసేసినా, సుమారు 1150 ఉంటుంది. అంటే అదే బరువు నాలుగు రెట్లకి పైగా చోటులో పరుచుకుంటుంది. అలాగని మంచు మీద తేలిపోరు. మెత్తటి మంచులో కొన్ని అంగుళాలు దిగుతారు, కానీ నడవగలుగుతారు.

సైజు ఎలా చూడాలి

చూడాల్సింది మీ బరువు ఒక్కటే కాదు, మీరు మోసేదంతా కలిపిన బరువు. కంపెనీని బట్టి కాస్త మారినా, లెక్క సుమారుగా ఇలా ఉంటుంది: 22 అంగుళాలది 80 కిలోల వరకు, 25 అంగుళాలది 55 నుంచి 100 వరకు, 30 అంగుళాలది 70 నుంచి 125 వరకు.

మా అన్నయ్య 68 కిలోలు. బట్టలు, బూట్లు, నీళ్లు, బ్యాగు కలిపి ఇంకో 10. ఎక్కేటప్పుడు వీపుకి కట్టుకునే స్నోబోర్డు, దాని బైండింగ్స్ మరో 4 లేదా 5. మొత్తం 83 దాకా వచ్చింది. కాబట్టి 22 చాలదు. 25, 30 రెండూ సరిపోతాయి. ఇలా రెండు సైజులు కుదిరినప్పుడు మంచు రకం చూడాలి. కొలరాడో, యూటాల్లో పడేది పొడి మంచు, ఎక్కువ మునుగుతారు, పెద్దది మేలు. సియాటిల్ పక్కన కాస్కేడ్ కొండల్లో పడేది తడి మంచు, బరువైనది. దాన్ని అక్కడివాళ్లు సరదాగా 'కాస్కేడ్ కాంక్రీట్' అంటారు. దాని మీద చిన్నది చాలు. అందుకే వాడికి 25 అని చెప్పాను.

"పెద్దది కొనేస్తే అన్నిటికీ పనికొస్తుంది కదా?" అనిపిస్తుంది. కానీ పెద్దదైతే బరువు పెరుగుతుంది, కాళ్లు ఎడంగా వేసి నడవాలి, ఏటవాలులో తిప్పడం కష్టం. మన భాషలో చెప్పాలంటే ఇది ట్రేడాఫ్. కొన్ని ప్లాస్టిక్ మోడళ్లకి వెనక తోక ముక్క విడిగా దొరుకుతుంది. మెత్తటి మంచు ఉన్న రోజు తగిలించుకుని, లేని రోజు తీసేయొచ్చు.

స్నోబోర్డు వాళ్లకి అదనంగా

రిసార్టులో అయితే లిఫ్టు పైకి తీసుకెళ్తుంది. బ్యాక్‌కంట్రీ అంటే లిఫ్టు లేని కొండ, మీరే ఎక్కాలి. స్నోషూలతో ఎక్కి, పైన వాటిని విప్పి బ్యాగుకి కట్టి, బోర్డు మీద దిగాలి. నిలువుగా రెండుగా విడిపోయే స్ప్లిట్‌బోర్డు దీనికింకా బాగుంటుంది కానీ ఖరీదెక్కువ. ఉన్న బోర్డుతోనే మొదలుపెట్టాలంటే స్నోషూలే దారి.

వీళ్లు మూడు విషయాలు చూసుకోవాలి. ఒకటి, స్నోబోర్డు బూటు లావుగా ఉంటుంది, కాబట్టి ఆ బూటు వేసుకునే షాపులో బిగించి చూడాలి. రెండు, గ్లోవ్స్ తీయకుండా పట్టీలు పెట్టగలగాలి. మూడు, మడమ కింద లేచి నిలబడే కడ్డీ ఉండాలి. నిటారు ఎక్కుడులో పిక్కలు లాగేయకుండా అదే కాపాడుతుంది. మొదటిసారైతే అద్దెకి తీసుకోండి.

కేదార్‌కంఠకి కావాలా?

అక్కర్లేదు. సాంక్రీ నుంచి పైకెళ్లే దారి సీజన్‌లో వందలమంది తొక్కి గట్టిపడి ఉంటుంది. అక్కడి సమస్య మునగడం కాదు, జారడం. బూటుకి తొడిగే గొలుసుల మైక్రోస్పైక్స్, మంచు బూట్లోకి పోకుండా కాలికి కట్టే గెయిటర్స్ చాలు. గుల్మార్గ్‌లో గొండోలా ఎక్కి అఫర్వత్ కొండ మీద తొక్కని మంచులోకి వెళ్లేవాళ్ల కథ వేరు. దమ్ము చక్రాలతో తారు రోడ్డెక్కితే రోడ్డూ పోతుంది, చక్రాలూ పోతాయి. స్నోషూలతో రాళ్ల మీద నడిచినా పళ్లు అలాగే అరుగుతాయి.

ఇవి చేయలేని పని

నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించింది ఇదే. స్నోషూ లేకపోతే ఎక్కడైతే వెనక్కి తిరిగేవాళ్లమో, అవి ఉంటే అక్కడ దాటి ముందుకెళ్తాం. అంటే అవి మనల్ని ప్రమాదం దాకా సుఖంగా తీసుకెళ్లగలవు. మంచు చరియలు ఎక్కువగా విరిగిపడేది 30 నుంచి 45 డిగ్రీల వాలులో. స్నోబోర్డు వాళ్లకి నచ్చేదీ సరిగ్గా ఆ వాలే. చరియ కింద కూరుకున్న మనిషిని మొదటి పది, పదిహేను నిమిషాల్లో తీస్తేనే బతికే అవకాశం బాగా ఉంటుంది. అంతలో రెస్క్యూ టీమ్ రాలేదు, పక్కనున్న ఫ్రెండే తవ్వాలి. అందుకే ప్రతి ఒక్కరి దగ్గరా ట్రాన్స్‌సీవర్, ప్రోబ్ కర్ర, పార ఉండాలి. వాటిని వాడటం ముందే నేర్చుకుని ఉండాలి. బయల్దేరే ముందు ఆ ప్రాంతపు అవలాంచ్ సెంటర్ బులెటిన్ చదవాలి. వాషింగ్టన్, కొలరాడో రాష్ట్రాల్లో ఇవి ఉచితం. మన హిమాలయాలకి చండీగఢ్‌లోని డీజీఆర్ఈ ఇస్తుంది.

2022 డిసెంబరు 26న అరిజోనాలో వుడ్స్ కేన్యన్ లేక్ మీద గడ్డకట్టిన నీళ్లు విరిగి మన తెలుగువాళ్లు ముగ్గురు చనిపోయారు. గోదావరి గట్టు మీద పెరిగినవాళ్లకి సుడి ఎక్కడుంటుందో, లంక పక్కన ఎక్కడ దిగకూడదో ఎవరూ క్లాసు పెట్టి చెప్పక్కర్లేదు, పెద్దవాళ్ల మాటల్లో వచ్చేస్తుంది. మంచు గురించి మనకి అలా చెప్పిన పెద్దవాళ్లు లేరు. కాబట్టి అడిగి తెలుసుకోవాలి. బడ్జెట్‌లో ఒకటే కుదిరితే ముందు అవలాంచ్ క్లాసుకి డబ్బు కట్టండి, స్నోషూలు అద్దెకి దొరుకుతాయి.