కంచ గచ్చిబౌలి: పప్పుగింజల చెట్లు, మేత మళ్ళు, స్థానిక గడ్డి

కంచ గచ్చిబౌలి హైదరాబాదు నగరమునకు పడమట, రంగారెడ్డి జిల్లా శేరిలింగంపల్లి మండలములో గల భూభాగము. 1974లో స్థాపించబడిన హైదరాబాదు విశ్వవిద్యాలయము ఇచ్చటనే ఉన్నది. బండరాళ్ళు, గడ్డి, ముళ్ళపొదలు, చిన్న చెరువులు కలగలిసిన ఈ నేల దక్కను పీఠభూమి సహజస్వరూపమునకు చక్కని ఉదాహరణ. ఇటువంటి చోట వన్యప్రాణుల కొరకు పప్పుగింజల చెట్లను, మేత మళ్ళను, స్థానిక గడ్డిజాతులను కలిపి పెంచు విధానమును ఈ వ్యాసము వివరించును.

తెలంగాణలో పశువుల మేతకై విడిచిన బీడును కంచ అందురు. అనగా ఈ ఊరి పేరులోనే గడ్డి ఉన్నది. చెట్లు నాటుటకు ఉత్సాహపడువారు మొదట గుర్తుంచుకొనవలసినది ఇదియే.

నేపథ్యము

విశ్వవిద్యాలయమును ఆనుకొని ఉన్న 400 ఎకరాలను ప్రభుత్వము 2003లో ఒక క్రీడాసంస్థకు కేటాయించి 2006లో రద్దు చేసినది. దీర్ఘకాల వ్యాజ్యము తరువాత 2024లో భూమి ప్రభుత్వపరమైనది. 2025 మార్చి 30న యంత్రములతో చదును చేయుట ఆరంభము కాగా విద్యార్థులు అడ్డుకొనిరి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులను నిలిపివేసినది. సుమారు 100 ఎకరాలలో పచ్చదనము పోయినది. దానిని తిరిగి నిలుపు ప్రణాళికతో రమ్మని ఏప్రిల్ 16న కోర్టు రాష్ట్ర ప్రభుత్వమును ఆదేశించినది. పోయిన పచ్చదనమును తిరిగి తెచ్చుట అనగా వరుసలు కట్టి మొక్కలు నాటుటయేనా అను ప్రశ్న అందుచేత కేవలము పాఠ్యపుస్తకములోని ప్రశ్న కాదు.

ఇచ్చట చుక్కల దుప్పులు, అడవిపందులు, ముళ్ళపందులు, కుందేళ్ళు, ఉడుములు, నక్షత్ర తాబేళ్ళు, నెమళ్ళు కలవు. పక్షిజాతులు రెండు వందలకు పైగా నమోదైనవి. మురిసియా హైదరాబాదెన్సిస్ అను సాలీడును శాస్త్రజ్ఞులు మొదట గుర్తించినది ఈ ఆవరణలోనే.

మేత మడి అనగా నేమి

అమెరికాలో లేళ్ళు, టర్కీ కోళ్ళ కొరకు అడవి అంచులలో క్లోవరు, ధాన్యపు పైరులు చల్లి చిన్న మళ్ళు పెంచుదురు. ఈ పద్ధతి అచ్చట వేటగాండ్ర వలన బాగా వ్యాపించినది. మళ్ళ పక్కన ఓక్, చెస్ట్‌నట్ వంటి గింజచెట్లను, అవతల ప్రేరీ గడ్డిని పెంచుట వాడుక. 1904లో న్యూయార్కులో కనిపించిన శిలీంధ్రపు తెగులు ఆ దేశపు చెస్ట్‌నట్ చెట్లను కోట్ల సంఖ్యలో చంపివేసినది. ఆకురాలు కాలములో జంతువులకు దొరకు గింజలు తగ్గిపోయినవి. గింజచెట్లు తిరిగి నాటవలెనను పట్టుదలకు ఇది ఒక ముఖ్య కారణము.

మన దేశమున వన్యప్రాణుల వేట 1972 చట్టము వలన నిషిద్ధము. ఇచ్చట మేత పెంచుట సంరక్షణకు మాత్రమే. కవ్వాల పులుల అభయారణ్యములో శాకాహార జంతువుల కొరకు అటవీశాఖ గడ్డిభూములను అభివృద్ధి చేసినది. నగరపు నడుమ గల అడవిముక్కలో మాత్రము విత్తిన మడి కంటె సహజముగా మొలచిన గడ్డియే మంచి మేత మడి. ఒకేచోట మేత పెట్టినచో దుప్పులు గుంపుగా చేరును, రోగములు వ్యాపించును, వీధికుక్కలకు వేట సులువగును. కుక్కల దాడిలో దుప్పులు మరణించుట ఈ ఆవరణలో జరిగినదే.

గడ్డిజాతులు

గరిక, చీపురు గడ్డి, బోద గడ్డి ఈ నేలకు సహజమైనవి. హెటిరోపోగాన్ కంటార్టస్ అను గడ్డి గింజకు పొడవైన ముల్లుతోక ఉండును. తడి తగిలినపుడు అది మెలి తిరిగి విప్పుకొనుచు గింజను నేలలోనికి దించును. బీడులో నడిచి వచ్చినవాని పంచెకు గుచ్చుకొనునది ఇదియే. లేతదశలో దీనిని దుప్పులు మేయును. ముదిరిన పిదప ముట్టవు. అందువలన గడ్డి ఎండు వేసవిలో వానికి వేరు ఆహారము కావలయును. చెట్ల అవసరము ఇచ్చటనే వచ్చును.

తగిన చెట్లు

సారపప్పు చెట్టు (బుకనానియా లాంజాన్) వీనిలో మొదటిది. తెలంగాణ పల్లెలలో దీని పండ్లను మొర్రిపండ్లు అందురు. ఏప్రిల్, మే నెలలలో, అనగా గడ్డి పూర్తిగా ఎండిన వేళ, పండును. గుజ్జును పక్షులు, జంతువులు తినును. గట్టి పెంకులోని పప్పు మన పాయసములో పడును. మామిడి కుటుంబమునకే చెందిన నల్లజీడి కూడ దక్కను అడవులదే. చాకలివారు బట్టలకు గుర్తులు పెట్టుటకు దీని రసమునే వాడెడివారు. ఆ రసము చర్మమును పొక్కించును కావున విద్యార్థులు తిరుగు బాటల పక్కన దీనిని నాటరాదు.

తాని చెట్టు కాయలు చలికాలములో రాలును. చుక్కల దుప్పి గుజ్జుతో సహా మింగి, నెమరు వేయునపుడు గింజను ఉమ్మివేయును. చెట్టును దూరముగా విత్తువాడు దుప్పియే అన్నమాట. ఇప్ప గింజచెట్ల కోవకు పూర్తిగా చెందకపోయినను, మార్చి, ఏప్రిల్ నెలలలో రాలు దాని పూవు మంచి ఆహారము కావున విడువరాదు.

జీడిమామిడి బ్రెజిల్ నుండి పోర్చుగీసువారు తెచ్చినది. దానికి పలాస ఇసుకనేలలే తగును. బాదము సముద్రతీరపు చెట్టు. గచ్చిబౌలి బండలపై ఈ రెండింటి పని లేదు.

నాటు విధము

గడ్డిమైదానము నడుమ చెట్లు నాటరాదు. నీడ ముదిరినచో గడ్డి చచ్చును, దానితో కుందేలు, నేలపై గూడు పెట్టు పక్షులు పోవును. బండల సందులు, వాగుల అంచులు, మట్టి లోతుగా గల పల్లములు చెట్లకు తగిన చోట్లు. సారపప్పు గింజ నిల్వయున్నకొలది మొలకశక్తి కోల్పోవును. కావున వేసవిలో ఏరినవానిని తొలకరిలోనే విత్తవలెను. దీని పెరుగుదల మిక్కిలి నెమ్మది. తొందరపడువారు ఈ చెట్టును వదలి సుబాబుల్ వైపు మొగ్గుదురు. సుబాబుల్ ఒకసారి పాతుకొన్న పిదప పెరికివేయుట కష్టము.

యంత్రములతో గీకిన నేలలో మొదట వ్యాపించునవి వయ్యారిభామ, పులికంప. మొదటి వానలకు వీనిని పూతకు ముందే పెరికి, సమీపమున మిగిలిన గడ్డి నుండి సేకరించిన విత్తనములను చల్లవలెను. దొర్లించిన బండలను పల్లములలోనికి నెట్టివేయక ఉన్నచోటనే ఉంచినచో ఉడుములకు, తాబేళ్ళకు నీడ దొరకును. చలికాలము చివర గడ్డి ఎండకముందే అగ్గి రేఖలు తీయవలెను. ఒక బీడీముక్క చాలు, మూడేళ్ళ సారపప్పు మొక్కలు ఒక మధ్యాహ్నములో మాడిపోవును. గడ్డి మాత్రము వానలకు తిరిగి చిగురించును.