ఉడుంపట్టు పడితే... పదీ కొట్టొచ్చు!

చూడ్డానికి అదో ఇనప కడ్డీ. రెండు స్తంభాల మధ్య అడ్డంగా, ఎగిరి అందుకునేంత ఎత్తులో ఉంటుంది. దాన్ని పట్టుకుని వేలాడాలి. గడ్డం కడ్డీ పైకి వచ్చేదాకా ఒంటిని లాగాలి. మళ్లీ చేతులు పూర్తిగా చాచి కిందికి దిగాలి. అలా పదిసార్లు. 'ఓస్, ఇంతేనా' అనిపిస్తుంది... పట్టుకుని వేలాడేదాకా!

నకిరేకల్ చుట్టుపక్కల పల్లెల్లో సైన్యంలో చేరాలనుకునే కుర్రాళ్లకి ఆ కడ్డీ పేరు 'బీమ్'. పోలీసు ఉద్యోగానికైతే పరుగు, లాంగ్‌జంప్, షాట్‌పుట్ గట్టెక్కితే చాలు. సైన్యానికి అలా కాదు, బీమ్ తప్పదు. అగ్నివీర్ ర్యాలీల్లో పది పుల్‌అప్స్ తీస్తే 40 మార్కులు. తొమ్మిదికి 33, ఎనిమిదికి 27, ఏడుకి 21, ఆరుకి 16. అంతకన్నా తగ్గితే ఇంటికే. అంటే చివర్లో చెయ్యి జారిన ఒక్కో పుల్‌అప్ ఖరీదు అయిదు నుంచి ఏడు మార్కులన్నమాట. పరుగులో ముందున్నవాడు కూడా ఇక్కడ వెనకబడిపోవచ్చు.

ఇక్కడో వింత ఉంది. జిమ్‌కి వెళ్లి కండలు పెంచినవాడు నాలుగో పుల్‌అప్‌కే చేతులెత్తేస్తాడు. పక్కనే ఉన్న బక్కపలచటివాడు తొణక్కుండా పది తీసేస్తాడు. ఏమిటీ కిటుకు?

వేళ్లని నడిపేది ముంజేయి

మొదటి కారణం బరువు. పుల్‌అప్‌లో ఎత్తాల్సింది మన ఒంటినే. అరవై కిలోలున్నవాడు అరవై, ఎనభై ఉన్నవాడు ఎనభై. మనిషి పెద్దవాడయ్యేకొద్దీ బరువు పెరిగినంత వేగంగా బలం పెరగదు. అందుకే ఈ ఆటలో సన్నటివాళ్లది పైచేయి.

రెండో కారణాన్ని చాలామంది పట్టించుకోరు. మనల్ని పైకి లాగేవి ప్రధానంగా వీపుకి రెండు పక్కలా చంకల నుంచి నడుము దాకా విసనకర్రలా పరుచుకున్న పెద్ద కండరాలు. దండచెయ్యి కండ వాటికి తోడు. కానీ ఆ బలమంతా కడ్డీకి చేరాల్సింది వేళ్ల ద్వారానే. ఆ వేళ్లేమో సొంతంగా ముడుచుకోలేవు. వాటిని గట్టిగా ముడిచే కండరాలు ముంజేతిలో ఉంటాయి. అక్కణ్నుంచి తాళ్లలాంటి స్నాయువులు మణికట్టు దాటి వేళ్ల కొసల దాకా వెళ్తాయి. తోలుబొమ్మని తెర వెనక నుంచి దారంతో ఆడించినట్టే! వీపు 'ఇంకో రెండు లాగుతా' అంటున్నా ముంజేయి మంటెక్కి పిడికిలి విడిపోతుంది. బీమ్ మీద చాలామంది ఓడిపోయేది అక్కడే.

కండ కొన్ని వారాల్లో బలపడుతుంది. స్నాయువు అలా కాదు, నెలలు పడుతుంది. ర్యాలీ తేదీ తెలిశాక కడ్డీ దగ్గరికి పరిగెత్తేవాళ్లకి మోచేతి లోపలివైపు నొప్పి పట్టుకునేది ఇందుకే.

తాటిచెట్టు దగ్గర...

పట్టు ఎలా పెరుగుతుందో తెలుసుకోడానికి నకిరేకల్ కుర్రాడు దూరం పోనక్కర్లేదు. ఊరి చివర తాటివనంలో తాళ్లు గీసే గౌడన్నని చూస్తే చాలు. నడుముకి ముస్తాదు, పాదాలకి గుజి, చెట్టునీ వీపునీ కలిపి చుట్టిన మోకు. మోకుని పైకి ఎగదోస్తూ, కాళ్లు ముడుచుకుని ఒక్కో అంగా పైకి పోతుంటాడు. నిజానికి ఎక్కేటప్పుడు బరువు ఎక్కువగా కాళ్లూ మోకూ మోస్తాయి. చేతుల పని వేరు. లావుపాటి మోకుని వదలకుండా ఆడించాలి, మొద్దుని కావలించుకోవాలి. పైన మట్టల మధ్య ఒక చేత్తో నిలదొక్కుకుని రెండో చేత్తో గెల గీయాలి. ఇలా పొద్దునా సాయంత్రం, చెట్టు తర్వాత చెట్టు!

ఆయన చేసేది వ్యాయామం కాదు, బతుకుతెరువు. చెయ్యి పట్టు తప్పేదాకా ఏ చెట్టు మీదా ఉండడు, ఉంటే ప్రాణానికే ముప్పు. మోకు జారి పడి ప్రాణాలు పోయిన కుటుంబాలు ఈ జిల్లాలో చాలానే ఉన్నాయి. తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో 'కాటమయ్య రక్ష' పేరుతో భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది అందుకే. కాబట్టి అలిసిపోకముందే దిగుతాడు, కాసేపటికి మరో చెట్టెక్కుతాడు. కొంచెం కొంచెం, రోజూ, ఏళ్ల తరబడి. ముంజేతుల్లో ఆ బలం అలా వచ్చిందే. బీమ్ కోసం ఒకేసారి చేతులు పడిపోయేదాకా లాగే కుర్రాళ్లు చేసేది సరిగ్గా దీనికి వ్యతిరేకం.

ఉమ్మడి నల్గొండ జిల్లాలోనే ఉండిన భువనగిరిది మరో కథ. అక్కడి ఏకశిల కొండ మీద రాతి ఎక్కుడు నేర్చుకున్న గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్‌కుమార్ 2014 మే 25న ఎవరెస్టు శిఖరం మీద నిలబడ్డారు. అప్పటికి పూర్ణకి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు.

ముందు వేలాడండి!

ఒక్క పుల్‌అప్ కూడా రానివాళ్లు చేయాల్సిన మొదటి పని... లాగకుండా ఊరికే వేలాడటం. కడ్డీని అరచేతి మధ్యలో కాకుండా వేళ్ల మొదళ్ల దగ్గర పట్టుకోవాలి, లేదంటే చర్మం మడతపడి బొబ్బలెక్కుతుంది. బొటనవేలు కింది నుంచి చుట్టేయాలి. మొదట్లో పది సెకన్లే భారంగా ఉంటుంది. మెల్లగా ముప్ఫై, ఆ తర్వాత అరవై. నిమిషం నిబ్బరంగా వేలాడగలిగితే పట్టుకి పునాది పడ్డట్టే.

ఆ తర్వాత మోచేతులు వంచకుండా భుజాలని మాత్రం చెవుల నుంచి కిందికి లాగాలి. ఒళ్లు రెండంగుళాలు పైకి లేస్తుంది. చూసేవాళ్లకి ఏమీ చేసినట్టుండదు కానీ వీపు కండరాలు మేలుకునేది దీంతోనే.

ఇక అసలైన మందు, దిగడం! స్టూలు వేసుకుని గడ్డం కడ్డీ పైన ఉండేలా మొదలుపెట్టి, అయిదు సెకన్లు లెక్కపెడుతూ నిదానంగా కిందికి రావాలి. పైకి లాగలేని బరువుని కూడా కండరం ఆపుతూ దించగలదు, అలా దించుతూనే బలపడుతుంది. విడతకి నాలుగైదు, మధ్యలో రెండు నిమిషాల విశ్రాంతి, వారానికి మూడు రోజులు చాలు. నడుమెత్తులో ఇంకో కడ్డీ ఉంటే దాని కింద వెల్లకిలా పడుకుని, మడమలు నేలకి ఆనించి, ఛాతీని కడ్డీ దాకా లాగడమూ మంచిదే.

నాలుగైదు వస్తున్నాయా? అప్పుడిక గౌడన్న పద్ధతి. గరిష్ఠంగా నాలుగు తీయగలిగినవాళ్లు రెండేసి చొప్పున పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అయిదారుసార్లు తీస్తే, ఒళ్లు హూనం కాకుండానే లెక్క పెరుగుతుంది. ఊగుతూ, కాళ్లు విదిలిస్తూ తీసేవి మాత్రం లెక్కలోకి రావనే అనుకోవాలి. చేతులు పూర్తిగా చాపడం ముఖ్యం. (ఫ్లోరైడు నీళ్లతో కీళ్లు బిగుసుకుపోయి, చెయ్యి చాపడమే కష్టమైన మనుషుల్ని చూసిన జిల్లా ఇది. ఆ మాట విన్నప్పుడు ఇక్కడి పెద్దవాళ్లకి గుర్తొచ్చేవి వేరే!)

తువ్వాల తెచ్చే తంటా

పది దాటినవాళ్లకి బీమ్ చప్పగా ఉంటుంది. అప్పుడు రెండు గట్టి తువ్వాళ్లని కడ్డీ మీద నుంచి వేలాడేసి, ఒక్కోదాని రెండు కొసలూ కలిపి ఒక్కో చేత్తో పట్టుకుని లాగి చూడాలి. పన్నెండు తీసేవాడు నాలుగుకే దిగివస్తాడు. మెత్తగా జారిపోయే లావుపాటి గుడ్డని పట్టుకోవాలంటే పిడికిలి రెట్టింపు బిగించాలి మరి. వీపుకి తగిలించుకున్న సంచిలో రెండు కిలోల బియ్యంతో మొదలుపెట్టి బరువు పెంచుకుంటూ పోవడం ఇంకో దారి. కాళ్లు ముందుకి చాచి ఎల్ ఆకారంలో లాగడం పొట్టకీ పరీక్షే. ఒంటిచేతి పుల్‌అప్ జోలికి మాత్రం ఏళ్ల సాధన లేకుండా పోకూడదు, మోచెయ్యి ఊరుకోదు.

పిడికిలి మూయడమే కాదు, తెరవడమూ పనే. బకెట్‌లో సగం దాకా బియ్యం పోసి, చెయ్యి లోపలికి దూర్చి వేళ్లు బలంగా విప్పాలి. నిండు నీళ్ల బకెట్లు రెండు చేతులా పట్టుకుని వాకిలి చివరిదాకా నడవడం, తడి దుప్పటి పిండటం, గేదె పాలు పితకడం... ఇవన్నీ పట్టుని పెంచేవే. ఇంట్లో అమ్మకి సాయం చేస్తే ర్యాలీకి పనికొస్తుందని చెబితే ఏ కుర్రాడైనా నమ్ముతాడా?

అమ్మాయిలకి ఇది సాధ్యం కాదనేవాళ్లున్నారు. అమెరికా మెరైన్ దళం మహిళలకి కనీసం మూడు పుల్‌అప్స్ ఉండాలని నియమం పెట్టబోయింది. శిక్షణలో ఉన్నవాళ్లలో 55 శాతం అవి తీయలేకపోవడంతో వాయిదా వేసుకుంది. ఈ సంగతి 2014లో పెద్ద వార్తయింది. మిగతా 45 శాతం తీశారన్నది మాత్రం ఎవరికీ పెద్దగా గుర్తులేదు! పైభాగంలో కండ తక్కువ కాబట్టి ఆడవాళ్లకి సమయం ఎక్కువ పట్టొచ్చు. దారి మాత్రం అదే... వేలాడటం, దిగడం, లాగడం.

ర్యాలీతో సంబంధం లేని పెద్దవాళ్లకీ పిడికిలితో పనుంది. మనదేశంతో సహా 17 దేశాల్లో దాదాపు లక్షా నలభై వేలమందిని పరిశీలించిన అధ్యయనం 2015లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. పట్టు అయిదు కిలోలు తగ్గినకొద్దీ మరణం ముప్పు 16 శాతం ఎక్కువగా కనిపించిందట. పట్టు తగ్గడమే దానికి కారణమని కాదు, ఒంట్లో సత్తువకి అదో కొలత.

ఇక ర్యాలీకి సిద్ధమయ్యేవాళ్లు మరిచిపోయే చిన్న సంగతొకటుంది. అక్కడ ముందు 1600 మీటర్ల పరుగు, ఆ తర్వాతే బీమ్. గుండె దడదడలాడుతూ, అరచేతులు చెమటతో జారుతూ ఉంటాయి. పొద్దున్నే తాజాగా లేచి పది తీసేవాడికి అప్పుడు ఏడే రావచ్చు. అందుకే వారానికి ఒక్కసారైనా పరుగు పూర్తయ్యాక కడ్డీ అందుకోవాలి. ఎగిరే ముందు కాస్త పొడిమట్టి అరచేతులకి రుద్దుకుంటే చెమట అడ్డురాదు.