అతి చెమటకు చికిత్స ఉంది: తేలికైన మందుతో మొదలు, శస్త్రచికిత్స చివరి మార్గం

కృష్ణా డెల్టాలోని తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాలలో సముద్రపు గాలి వలన వాతావరణంలో తేమ అధికంగా ఉంటుంది. తేమ గాలిలో చెమట త్వరగా ఆరదు కనుక వేసవిలో బట్టలు తడిసి ముద్ద కావడం ఇక్కడి ప్రజలకు అలవాటైన విషయమే. అయితే ఎండ లేని వేళ, విశ్రాంతిగా కూర్చున్నప్పుడు సైతం అరచేతులు, అరికాళ్లు, చంకలు ధారగా చెమర్చుతుంటే దానిని వాతావరణ ప్రభావంగా భావించరాదు. 'హైపర్‌హైడ్రోసిస్'గా పిలిచే ఈ సమస్యకు వైద్యశాస్త్రంలో తగిన చికిత్సలు ఉన్నాయి.

ఈ సమస్య గల విద్యార్థికి పరీక్ష హాలులో జవాబు పత్రం తడిసిపోతుంది. పనివారి చేతిలో పనిముట్టు జారుతుంది. ఉద్యోగ ఇంటర్వ్యూలలో, పెళ్లిచూపులలో నలుగురి ముందుకు రావడానికి యువతీ యువకులు వెనుకాడతారు.

కారణాలు

మానవ శరీరంలో 20 లక్షల నుంచి 40 లక్షల వరకు స్వేద గ్రంథులు ఉంటాయి. వీటిని ప్రేరేపించే నాడులు అవసరానికి మించి స్పందించడమే ఈ సమస్యకు మూలం. సాధారణంగా ఇది 25 ఏళ్ల లోపే మొదలవుతుంది. శరీరానికి ఇరువైపులా సమానంగా ఉంటుంది, నిద్రలో తగ్గుతుంది. కొన్ని కుటుంబాలలో వంశపారంపర్యంగా వస్తుంది. ఇది అంటువ్యాధి కాదు, పరిశుభ్రతా లోపమూ కాదు. 'ఒంట్లో వేడి' అనుకొని పథ్యం చేసినంత మాత్రాన తగ్గదు.

పెద్ద వయసులో కొత్తగా మొదలై ఒళ్లంతా చెమట పడుతుంటే థైరాయిడ్, మధుమేహం వంటి వ్యాధులు గానీ, వాడుతున్న మందులు గానీ కారణం కావచ్చు. రాత్రివేళ చెమటలతో పాటు రెండు వారాలకు మించి దగ్గు, జ్వరం, బరువు తగ్గడం ఉంటే క్షయ పరీక్ష చేయించుకోవాలి. ఈ పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితం. ఛాతీ నొప్పితో చల్లని చెమటలు పడితే ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయాలి.

చికిత్సా విధానాలు

మొదటి మందు అల్యూమినియం క్లోరైడ్ ద్రావణం. వైద్యుని సలహాపై దీనిని రాత్రి పడుకునే ముందు పూర్తిగా ఆరిన చర్మంపై రాసి, ఉదయం కడిగివేయాలి. తడి చర్మంపై రాస్తే మంట పుడుతుంది. గుణం కనిపించిన తరువాత వారానికి ఒకటి రెండు సార్లు వాడితే సరిపోవచ్చు.

దీనితో తగ్గని అరచేతుల, అరికాళ్ల చెమటకు 'అయాంటోఫోరెసిస్' చేస్తారు. నీటి పళ్లెంలో చేతులు, కాళ్లు ఉంచి స్వల్ప విద్యుత్తును 20 నుంచి 30 నిమిషాలు పంపుతారు. గర్భిణులకు, గుండెకు పేస్‌మేకర్ అమర్చినవారికి ఇది తగదు.

చంకల చెమటకు బొటులినమ్ టాక్సిన్ ఇంజెక్షన్లను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లో ఆమోదించింది. వీటి ఖర్చు అధికం. గుణం సుమారు ఆరు నెలలు ఉంటుంది, తరువాత మరల చేయించుకోవాలి.

గ్లైకోపైరోలేట్, ఆక్సిబ్యుటినిన్ మాత్రల వలన నోరు ఎండిపోవడం, మలబద్ధకం, చూపు మసకబారడం కలగవచ్చు. చెమట శరీరాన్ని చల్లబరిచే సహజ సాధనం. ఈ మాత్రలు దానిని ఒళ్లంతటా తగ్గిస్తాయి కనుక డెల్టా పొలాలలో ఎండలో పనిచేసే రైతు కూలీలకు, నిజాంపట్నం తీరంలో వేటకు వెళ్లే మత్స్యకారులకు వడదెబ్బ ముప్పు పెరుగుతుంది. అందుచేత తాము చేసే పనిని వైద్యునికి ముందుగానే తెలియజేయడం అవసరం.

ఛాతీలోని నాడిని కత్తిరించే లేదా క్లిప్పుతో బిగించే శస్త్రచికిత్సతో అరచేతులు పొడిబారతాయి. కానీ పలువురిలో వీపు, పొట్ట, తొడల వద్ద కొత్తగా చెమట మొదలవుతుంది. నాడిని కత్తిరించిన తరువాత పూర్వస్థితికి తేవడం కష్టం. తేమ అధికంగా గల కోస్తాలో ఈ ఇబ్బంది చిన్నది కాదు. ఇతర చికిత్సలన్నీ విఫలమైన తరువాతనే దీనిని ఆలోచించాలి.

ప్రజలకు సూచనలు

నూలు వస్త్రాలు ధరించాలి. చెమట తగ్గుతుందని మంచినీరు తాగడం మానరాదు. తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాలవారు తొలుత సమీపంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకొని, అవసరమైన పక్షంలో గుంటూరు సర్వజనాసుపత్రి చర్మవ్యాధుల విభాగం వైద్యులను సంప్రదించవచ్చు. సంకోచం విడిచి సకాలంలో వైద్యుని కలిస్తే, చాలామందికి శస్త్రచికిత్స అవసరం లేకుండానే ఉపశమనం లభిస్తుంది.