మందకు వేయు టీకా, మండిలో పలుకు ధర

బక్రీదు సమీపించినప్పుడు మొఘల్‌పురా సందులలో నడచువానికి గడపగడపకు కట్టివేసిన పొట్టేళ్లు కానవచ్చును. పిల్లలు వానికి ఆకు మేపుచుందురు. పెద్దలు ఆనాడు మండిలో పలికిన ధరలను గూర్చి ముచ్చటించుకొనుచుందురు. రంజాను మాసము వచ్చెనా, చార్మినారు పరిసరములందు హలీము కుండలు పొయ్యి మీది కెక్కును. ఈ జీవములన్నియు పట్టణమున పుట్టినవి కావు. మెట్టభూములలో, బీళ్లలో, గొల్లకురుమల మందలలో పెరిగి వచ్చినవి. అట్టి మంద రోగము పాలైననాడు నష్టమంతయు పల్లె పొలిమేరలోనే నిలిచిపోవునని పట్టణవాసి భావించుట పొరపాటు. అందులో కొంత భాగము మొఘల్‌పురా గృహస్థుని సంచిదాక నడచివచ్చును. అది ఎట్లు వచ్చునో విచారించుటయే మా ఉద్దేశము.

2019వ సంవత్సరపు పశుగణనలో గొఱ్ఱెల సంఖ్యయందు తెలంగాణము దేశమునకెల్ల ప్రథమస్థానము నందెను. ఆ సంఖ్య ఇంచుమించు ఒక కోటి తొంబది లక్షలు. ఇంతటి సంపదకు ప్రబలశత్రువు పారుడు రోగము. జ్వరము, ముక్కు కారుట, నోటిపుండ్లు, పారుడు దీని లక్షణములు. మన దేశమున నిది 1987లో తమిళనాట మొదట గుర్తింపబడెను. దీనికి టీకా కలదు. ఒక్కమారు వేసిన మూడేండ్లకు తక్కువగాక రక్షణ నిచ్చును.

ఇక లెక్కకు వత్తము. ఏబది తల్లిగొఱ్ఱెల మంద యొకటి కలదనుకొందము. రోగము సోకి పది చచ్చెను. ఒక్కొక్కటి పదివేల చొప్పున లక్ష రూపాయలు నష్టము. మరి పదునైదు ఈచుకపోయెను. అవి బ్రతికియే యున్నవి గనుక కాపరి వానిని నష్టములో చేర్చడు. కాని పుట్టవలసిన పదునైదు పిల్లలు ఒక్కొక్కటి ఐదువేల చొప్పున డెబ్బదియైదు వేలు చేయును. మొత్తము లక్షా డెబ్బదియైదు వేలు. ఇట్టి ఉపద్రవము పదేండ్ల కొకమారే వచ్చునన్నను, సగటున ఏడాదికి పదునేడు వేల అయిదువందల రూపాయల పన్నును ఆ కాపరి రోగమునకు చెల్లించుచున్నట్లే. టీకాకును, కూలికిని గలిపి తలకు ఇరువది రూపాయ లయినను మందకంతకు వేయి రూపాయలే. అదియు మూడేండ్ల కొకమారు. ఏ వర్తకుడు ఇట్టి బేరమును కాదనును?

ఆంగ్ల అర్థశాస్త్రజ్ఞుడు జాన్ మెకినర్నీ ఈ విషయమున ఒక సులభసూత్రమును చెప్పియున్నాడు. పశురోగమువలన కలుగు నష్టమును, దానిని అదుపు చేయుటకైన ఖర్చును కలిపి చూడవలెను. ఆ రెంటి మొత్తము మిక్కిలి తగ్గుచోటనే ఖర్చును నిలుపవలెను. అనగా చివర వెచ్చించిన రూపాయి కనీస మొక రూపాయి నష్టమునైనను తప్పింపవలెను. పారుడు రోగము విషయమున మన మా హద్దుకు చాల ఈవలనే యున్నాము.

అట్లైన టీకా వేయింపని కాపరి మూర్ఖుడా? మే మట్లనజాలము. అతని కొక దినము మేపు చెడును. రేపు రాగల రోగముకంటె నేటి మేత దగ్గరిది. అంతకంటె ముఖ్యకారణము వేరొకటి కలదు. ఒకడు వేయించిన టీకా పొరుగువాని మందను గూడ కాపాడును. ఆ లాభము వేయించినవాని చేతికి రాదు. పొరుగువాడు వేయించినచో తనకు చాలునని ప్రతివాడును తలచును. తుదకు ఎవడును వేయింపడు. ఇక రోగచిహ్నములు పొడసూపగానే గుట్టుగా సంతకు తోలుట కలదు. వచ్చిన ధర దక్కినదని కాపరి సంతోషించును. ఆ సంతలో పది గ్రామముల మందలకు రోగ మంటుకొనును. ఒక్కొక్కనికి తెలివిగా తోచినది ఊరికంతకు నాశనమగుట యిట్లే. అందుచేతనే పశురోగనివారణ సొంత వ్యవహారము గాక సర్వజనకార్యమైనది.

ఇప్పుడు మండికి వత్తము. మందలు తగ్గిననాడు జీవములు కొఱతపడును. పండుగ మాత్రము వాయిదా పడదు. కొనువాడు పోటీపడి కొనును, ధర పెరుగును. మంద చెడని కాపరి లాభపడును, చెడినవాడు పెరిగిన ధరకు అమ్ముకొనుటకు జీవములేక అప్పులపాలగును, మొఘల్‌పురాలోని చిరుద్యోగి తన కోరికను తగ్గించుకొనును.

తలలను పెంచినంతమాత్రమున సంపద పెరగదు. 2017లో తెలంగాణ ప్రభుత్వము ఇరువది గొఱ్ఱెలను, ఒక పొట్టేలును ఒక భాగముగా, నూటికి డెబ్బదియైదు వంతులు తానే భరించి, కాపరుల కిచ్చుటకు పూనుకొనెను. జీవములు పొరుగు రాష్ట్రములనుండియు తేబడెను. దూరప్రయాణముచే నలిగిన జీవమును వచ్చిననాడే పాతమందలో కలుపుట నిప్పును గడ్డివామిలో నుంచుటవంటిది. మూడువారములు వేరుగా నుంచుట అన్నింటికంటె చవుకయైన వైద్యము.

ఇది సాధ్యమా యని శంకించువారు ముసర రోగమును స్మరింతురు గాక. ఆ పేరు వినగానే మన తాతలు గజగజలాడిరి. 1954లో దేశమంతట దాని నిర్మూలనకు పూనుకొనిరి. 1995 తరువాత అది మన దేశమున కనబడలేదు. 2011లో ప్రపంచమునుండియే తొలగినదని ప్రకటింపబడెను. నేడు ఆ టీకాకు పైసా ఖర్చులేదు. లాభము మాత్రము ఏటేట వచ్చుచునేయున్నది. ఖర్చు ముగిసియు ఫలము ముగియని పెట్టుబడి ఇంతకంటె వేరొకటి కలదా? పారుడు రోగమును 2030 నాటికి అట్లే రూపుమాపవలెనని ప్రపంచ సంస్థలు 2015లో సంకల్పించినవి.

ఇందు భూస్వాములకు పని లేదనరాదు. ఎరువుకొఱకు పొలములలో మందలను కట్టించుకొనువారు వారే. టీకా వేయించిన మందనే మా చేనిలో నిలుపుదుమని పది గ్రామముల రైతులు కట్టుబడినచో, ఏ శాసనమును చేయజాలని పని యగును. ఊరి మందలన్నింటికి ఒకేదినమున టీకా వేయింపవలెను. రోగమును దాచక చెప్పిన కాపరికి ప్రభుత్వము నష్టపరిహార మీయవలెను. నిజము చెప్పినవాడు చెడిపోవు చోట నిజము ఎవడు చెప్పును? పట్టణవాసులు ఈ వ్యయమును దానముగా తలపరాదు. పల్లెలో సకాలమున వేయింపని టీకాకు మూల్యము మొఘల్‌పురా గడపలో వడ్డీతో చెల్లింపబడుచున్నది.