బండి స్టార్ట్ కాకపోతే ముందు పెట్రోలును చూడండి

2024 నవంబర్ 30 రాత్రి ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. ఒక్క రోజులోనే 40 సెంటీమీటర్లకు పైగా వాన కురవడంతో పట్టణంలో ఎన్నో వీధులు నీట మునిగాయి. ఇలాంటి వాన వెలిశాక, నీళ్లలో నానిన బండ్లు, వారాల తరబడి కదలకుండా ఉన్న బండ్లు ఓ పట్టాన స్టార్ట్ కావు. ఒర్లియంపేట వీధిలోని పాత స్కూటరైనా, తీరంలో ఇసుక మీద తిరిగే నాలుగు చక్రాల ఏటీవీ అయినా ఇబ్బంది ఒకటే. కార్బ్యురేటర్ పాడైందనుకుని కొత్తది కొనేవారున్నారు. కానీ చాలాసార్లు లోపం కార్బ్యురేటర్‌లో కాదు, అందులోకి వచ్చే పెట్రోలులో ఉంటుంది.

కార్బ్యురేటర్ పని ఏమిటి?

పెట్రోలు ద్రవరూపంలో సరిగా మండదు. సన్నని తుంపరగా మారి గాలితో కలవాలి. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. కార్బ్యురేటర్‌లో గాలి వెళ్లే గొట్టం మధ్యలో ఇరుకుగా ఉంటుంది. అక్కడ గాలి వేగం పెరిగి పీడనం తగ్గుతుంది. ఆ తేడా వల్ల, కింద ఫ్లోట్ బౌల్‌లో నిలిచిన పెట్రోలు జెట్ అనే సన్నని రంధ్రం గుండా పైకి వచ్చి గాలిలో కలుస్తుంది.

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 ప్రమాణాలు అమల్లోకి వచ్చాక కొత్త ద్విచక్ర వాహనాలు దాదాపుగా ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. పాత బండ్లలోనూ, చాలా చిన్న ఏటీవీలలోనూ ఇప్పటికీ కార్బ్యురేటరే ఉంది. గాలి, ఇంధనాల పాళ్లను గమనించి సరిచేసుకునే సెన్సర్ దానికి లేదు. జెట్ రంధ్రం ఎంత ఉంటే అంత ఇంధనమే వస్తుంది.

ఇథనాల్, నీరు, తేమ

మన దేశంలో పెట్రోలులో ఇథనాల్ వాటా 2022లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. ఇథనాల్ పూర్తిగా మండడానికి తన బరువుకు తొమ్మిది రెట్ల గాలి చాలు. అందువల్ల 20 శాతం మిశ్రమానికి తగిన పాళ్లు సుమారు 13.5కు దిగుతాయి. పాత పెట్రోలుకు అమర్చిన జెట్ నుంచి ఈ మిశ్రమం వస్తే ఇంజన్‌కు ఇంధనం కాస్త తక్కువ పడుతుంది. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కావడానికి మొరాయించడం, యాక్సిలరేటర్ తిప్పగానే తడబడడం దీని లక్షణాలు.

ఇథనాల్‌కు నీటిని పట్టి ఉంచే గుణం ఉంది. 10 శాతం ఇథనాల్ ఉన్న లీటరు పెట్రోలు, సుమారు 15 డిగ్రీల సెల్సియస్ వద్ద దాదాపు 5 మిల్లీలీటర్ల నీటిని కలుపుకోగలదు. అది దాటితే నీరు, ఇథనాల్ కలిసి వేరుపడి అడుగుకు దిగిపోతాయి. ఇంజన్‌కు వెళ్లే ట్యాప్ ఉండేది కూడా ట్యాంక్ అడుగునే. అంటే ముందుగా కార్బ్యురేటర్‌కు చేరేది మండని ఆ నీటి పొరే. ట్యాంక్ మూత దగ్గర రబ్బరు పాడైతే వాననీరు నేరుగా లోపలికి దిగుతుంది. సగం ఖాళీగా ఉన్న ట్యాంక్‌లో రాత్రి చల్లదనానికి తేమ నీటిబొట్లుగా మారుతుంది.

ఇంధనం వచ్చే దారిలోనే వెతకాలి

నీట మునిగిన బండిని వెంటనే కిక్ కొట్టకూడదు. సిలిండర్‌లో నీరు ఉంటే అది గాలిలా నొక్కుకుపోదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. ముందు ఇంజన్ ఆయిల్ చూడాలి. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే నీరు చేరినట్టే. అప్పుడు మెకానిక్‌కు చూపించాలి.

బండి మునగలేదంటే ట్యాంక్ నుంచి మొదలుపెట్టాలి. ఇంజన్ చల్లారాక, నిప్పుకు దూరంగా ఆరుబయట ఫ్లోట్ బౌల్ కింది డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, కొద్దిగా పెట్రోలును గాజు సీసాలో పట్టి పది నిమిషాలు ఉంచాలి. అడుగున వేరే పొర కనిపిస్తే నీరు ఉన్నట్టు. పుల్లటి వాసన, ముదురు రంగు ఉంటే పెట్రోలు పాతబడినట్టు. రెండింటికీ పరిష్కారం ట్యాంక్ ఖాళీ చేసి తాజా పెట్రోలు పోయడమే.

పెట్రోలు బాగుంటే మిగతా లక్షణాలు దారి చూపిస్తాయి. కొద్దిసేపు నడిచి ఆగి, ట్యాంక్ మూత తెరవగానే మళ్లీ నడిస్తే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయింది. చోక్ తీయగానే ఆగిపోతే పైలట్ జెట్ అడ్డుపడి ఉండవచ్చు. ఓవర్‌ఫ్లో గొట్టం నుంచి పెట్రోలు కారుతుంటే ఫ్లోట్ సూది దగ్గర మట్టి చేరి ఉంటుంది. స్పార్క్ ప్లగ్ నల్లగా మసి పట్టి ఉంటే చోక్ ఇరుక్కోవడమో, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోవడమో కావచ్చు.

జెట్‌ను సూదితో గానీ తీగతో గానీ పొడవడం మామూలుగా జరిగే తప్పు. పైలట్ జెట్ రంధ్రం సాధారణంగా అర మిల్లీమీటరు కూడా ఉండదు. 0.40 మిల్లీమీటర్ల రంధ్రం 0.44కు పెరిగితే దాని వైశాల్యం 21 శాతం పెరుగుతుంది. ఆ తర్వాత ఎంత సర్దినా పాళ్లు కుదరవు. కార్బ్యురేటర్ క్లీనర్, గాలి ఒత్తిడి వాడితే చాలు.

ట్యాంక్ ఖాళీ చేయడానికి గొట్టాన్ని నోటితో పీల్చడం ఇంకా ప్రమాదం. ఒక్క గుటక పెట్రోలు ఊపిరితిత్తుల్లోకి జారినా తీవ్రమైన వాపు వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. చేతి పంపు ధర చాలా తక్కువ. మూసిన షెడ్డులో ఇంజన్ నడిపి పరీక్షించడమూ మానాలి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

వానలకు ముందే జాగ్రత్త

పుదుచ్చేరిలో ఏడాది వాన చాలావరకు అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్యే కురుస్తుంది. ఆ రోజుల్లో బండి వారాల పాటు నిలిపి ఉంచాల్సి వస్తే, పెట్రోల్ ట్యాప్ మూసి ఫ్లోట్ బౌల్ ఖాళీ చేయాలి. లేకపోతే బౌల్‌లోని పెట్రోలు ఆవిరై జెట్‌లలో జిగురు మిగులుతుంది. ట్యాంక్ మూత రబ్బరును, పాత ఇంధన గొట్టాలను ఒకసారి చూసి, మెత్తబడినా పగిలినా మార్చాలి. కొన్ని రూపాయల ఆ రబ్బరు ముక్కే కొత్త కార్బ్యురేటర్ ఖర్చును తప్పించవచ్చు.